గుండ్రటి హెడ్‌లైటు వెనుక

రెండు లక్షల రూపాయలు అటూ ఇటూగా పెట్టి పాతకాలపు రూపు ఉన్న బండి కొందామని షోరూములు తిరిగేవారికి అన్నీ ఒక ఇంటి పిల్లల్లాగే కనిపిస్తాయి. గుండ్రటి హెడ్‌లైటు, నీటిబొట్టు ఆకారంలో ట్యాంకు, చదునైన సీటు, కింద రెక్కలు తేలిన ఒంటి సిలిండర్ ఇంజన్. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, దాని చిన్న తమ్ముడు హంటర్, హోండా సీబీ 350, జావా 42, టీవీఎస్ రోనిన్, 2023లో వచ్చిన ట్రయంఫ్ స్పీడ్ 400. రంగు, బ్యాడ్జీ తీసేసి వరసగా నిలబెడితే బండ్ల పిచ్చి లేనివారు వీటిని విడదీసి చెప్పలేరు.

వీటిని విడదీసేవి రెండే రెండు అంకెలు. ప్రతి బండి వివరాల పత్రంలోనూ ఎక్కడో అడుగున ఉంటాయి, ఎవరూ చదవరు. మొదటిది బోరు, అంటే సిలిండర్ వెడల్పు. రెండోది స్ట్రోకు, అంటే పిస్టన్ పైనుంచి కిందికి ప్రయాణించే దూరం. క్లాసిక్‌కు బోరు 72 మి.మీ., స్ట్రోకు 85.8. హోండా సీబీకి 70, 90.5. రోనిన్‌కు రెండూ 66. జావాకు 76, 65. ట్రయంఫ్‌కు 89, 64. మొదటి రెండూ సన్నగా పొడుగ్గా ఉన్న గొట్టాలు, చివరి రెండూ పొట్టిగా వెడల్పుగా ఉన్న డబ్బాలు, రోనిన్ సరిగ్గా మధ్యన. బయట అందరిదీ ఒకటే వేషం. లోపల మాత్రం కొందరు నిజంగానే పాతవాళ్లు, కొందరు నిన్న పుట్టినవాళ్లు.

ఇందులో ఒక వింత ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇంగ్లండులోని రెడిచ్‌లో రూపుదిద్దుకుని, 1950ల మధ్యలో మద్రాసుకు వచ్చి, తిరువొత్తియూరులో దశాబ్దాలపాటు తయారైన బుల్లెట్ 350 కొలతలు 70, 90. మన పల్లెల్లో మోతుబరులూ పోలీసు ఇన్‌స్పెక్టర్లూ నడిపిన బండి అదే. 2020లో కొత్త ఇంజన్ తెచ్చినప్పుడు రాయల్ ఎన్‌ఫీల్డ్ తన సొంత కొలతలను వదిలేసి, బోరును కాస్త పెంచి స్ట్రోకును తగ్గించింది. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన హోండా మాత్రం 70 బోరును అలాగే పట్టుకుని స్ట్రోకును ఇంకో అర మిల్లీమీటరు సాగదీసింది. కొలతల లెక్కన చూస్తే పాత బుల్లెట్‌కు అసలైన వారసుడు జపాన్ కంపెనీ బండే.

శబ్దం ఎక్కడ పుడుతుంది

ఈ బండ్లు కొనేవారిలో చాలామంది మొదట అడిగేది శబ్దం గురించి. ఆ డబ్‌డబ్ వెనుక ఉన్నది చాలా తేలికైన లెక్క. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో పిస్టన్ ఒకసారి మిశ్రమాన్ని పీలుస్తుంది, ఒకసారి నొక్కుతుంది, ఒకసారి పేలుడు తోపుకు కిందికి దిగుతుంది, ఒకసారి పొగను బయటికి నెడుతుంది. ఇదంతా జరగడానికి పిస్టన్ తిప్పే క్రాంకు రెండు చుట్లు తిరగాలి. అంటే రెండు చుట్లకు ఒక పేలుడు. ఇంజన్ నిమిషానికి 1000 చుట్లు తిరుగుతోందంటే నిమిషానికి 500 పేలుళ్లు, సెకనుకు ఎనిమిది చిల్లర.

మనిషి చెవికి ఇక్కడ ఒక గట్టు ఉంది. సెకనుకు సుమారు 20 దెబ్బల లోపు ఏ శబ్దమైనా దెబ్బలుగానే వినిపిస్తుంది. అది దాటితే దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి స్వరమవుతాయి. ఒంటి సిలిండర్ ఇంజన్ సెకనుకు 20 పేలుళ్లకు చేరేది 2400 చుట్ల దగ్గర. దానికి కిందన ఉన్నంతసేపూ మనకు బండి గుండె కొట్టుకుంటున్నట్టు అనిపిస్తుంది, పైకి వెళితే అదే ఇంజన్ హోరుమంటుంది. ఇది క్లాసిక్‌కూ ట్రయంఫ్‌కూ సమానంగా వర్తించే సూత్రం. తేడా అంతా ఏ బండి ఏ చుట్ల దగ్గర ఎక్కువ కాలం గడుపుతుందన్నదే. క్లాసిక్ తన గరిష్ఠ టార్క్ ఇచ్చేది 4000 చుట్ల దగ్గర, హోండా 3000 దగ్గర, ట్రయంఫ్ 6500 దగ్గర. ఊళ్లో నింపాదిగా నడిపే క్లాసిక్, హోండా ఆ గట్టుకు దగ్గరదగ్గరగా తిరుగుతుంటాయి. ట్రయంఫ్ తన సత్తా చూపించే చోటికి వచ్చేసరికి సెకనుకు 54 పేలుళ్లు. దాన్ని ఎవరూ డబ్‌డబ్ అనరు.

పాత జావా, యెజ్డీల సంగతి దీనికి భిన్నం. మైసూరులో 1960ల నుంచి 1996 దాకా తయారైన ఆ బండ్లు రెండు స్ట్రోకులవి. వాటిలో చుట్టుకు ఒక పేలుడు. అదే 1000 చుట్ల దగ్గర బుల్లెట్ ఎనిమిది దెబ్బలు కొడితే జావా పదహారు కొట్టేది, అంటే నిలబడి ఉండగానే ఆ గట్టు అంచుకు వచ్చేసేది. అందుకే దానిది వేరే పాట. 2018లో మళ్లీ పుట్టిన జావా నాలుగు స్ట్రోకుల బండి. పాతదానిలాగే రెండు సైలెన్సర్లు పెట్టారు గానీ, గొట్టాలు ఎన్ని పెట్టినా పేలుళ్ల సంఖ్య సగమైపోయాక ఆ పాట తిరిగి రాదు. గేరు రాడ్డునే మడిచి కిక్ రాడ్డుగా వాడుకునే పాత ఏర్పాటూ రాలేదు. దానికోసం ఎవరూ పెద్దగా బాధపడినట్టు లేదు.

నెమ్మదిగా తిరిగినా ఇంజన్ ఆగిపోకుండా ఉండాలంటే రెండు పేలుళ్ల మధ్య ఉన్న ఖాళీని ఎవరో ఒకరు మోయాలి. నాలుగు స్ట్రోకుల్లో ఒక్కటే పని చేసేది, మిగతా మూడూ తినేవి. ఆ భారం ఫ్లైవీల్‌ది. బరువైన తిరగలి రాయి చేయి తీసేశాక కూడా ఒక చుట్టు తిరిగినట్టు, బరువైన ఫ్లైవీల్ పేలుడు లేని చుట్టును కూడా లాక్కుపోతుంది. పాత బుల్లెట్ అంత నిదానంగా కొట్టుకోగలిగిందంటే కారణం ఇదే. దీనికి మూల్యం కూడా ఉంది. ఆగకుండా తిరిగేది తొందరగా వేగం కూడా అందుకోదు. యాక్సిలరేటర్ తిప్పితే ఒక క్షణం ఆలోచించుకుని కదిలే గుణం, ట్రాఫిక్‌లో మూడో గేరులో పాకుతున్నా కుదుపుల్లేకుండా సాగే గుణం, రెండూ ఒకే ఇనుప చక్రం నుంచి వచ్చినవే. ఒకటి కావాలంటే రెండోది ఒప్పుకోవాలి.

సైలెన్సర్ కోసి శబ్దం పెంచుకునేవారికి ఈ లెక్క ఒకటి చెప్పాలి. గొట్టం మార్చితే దెబ్బ ఎంత గట్టిగా వినిపిస్తుందో మారుతుంది, సెకనుకు ఎన్ని దెబ్బలో మారదు. పక్కింటివాళ్ల నిద్ర పాడవుతుంది, బండి వయసు మాత్రం పెరగదు. అలాంటి సైలెన్సర్లను పోలీసులు రోడ్డు మీద పరిచి రోలరుతో తొక్కించిన ఫొటోలు పత్రికల్లో వస్తూనే ఉంటాయి.

పొడుగు స్ట్రోకు, పుల్లింగు

మెకానిక్ షెడ్డుల్లోనూ టీకొట్ల దగ్గరా గట్టిగా పాతుకుపోయిన ఒక నమ్మకం ఉంది. స్ట్రోకు పొడుగైతే పుల్లింగు ఎక్కువ అని. వినడానికి సబబుగానే ఉంటుంది. స్ట్రోకు పొడుగైతే క్రాంకు చేయి పొడుగవుతుంది, చేయి పొడుగైతే మెలితిప్పే బలం పెరగాలి కదా. ఆ మెలితిప్పే బలమే టార్క్.

కానీ సగం లెక్కే చేశారు. పిస్టన్ మీద పడే తోపు దాని వైశాల్యాన్ని బట్టి ఉంటుంది, వైశాల్యం బోరు వర్గాన్ని బట్టి. ఒకే పరిమాణం ఉన్న సిలిండర్‌ను పొడుగు చేస్తే వెడల్పు తగ్గాలి. చేయి పెరిగినంత మేరకు తోపు తగ్గుతుంది. రెండూ గుణిస్తే మిగిలేది సిలిండర్ ఘనపరిమాణమే. అంటే టార్క్‌ను నిర్ణయించేది సిలిండర్ పొడుగూ కాదు, వెడల్పూ కాదు. అందులోకి ఎంత గాలి, పెట్రోలు నింపి ఎంత బాగా కాల్చగలిగామన్నదే.

నమ్మకం కలగకపోతే 100 సి.సి.కి ఎంత టార్క్ వస్తోందో భాగించి చూడవచ్చు. క్లాసిక్ 349 సి.సి.లో 27 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, వందకు 7.7. హోండా 348 సి.సి.లో 30, వందకు 8.6. రోనిన్ 8.8. పొట్టి స్ట్రోకు ట్రయంఫ్ 398 సి.సి.లో 37.5, వందకు 9.4. జావా 42 తొలిసారి వచ్చినప్పుడు 293 సి.సి.లో 28 ఇచ్చింది, వందకు తొమ్మిదిన్నర పైనే. నమ్మకం ప్రకారం అందరికంటే ముందుండాల్సిన పొడుగు స్ట్రోకులు అందరికంటే వెనక ఉన్నాయి.

అయితే క్లాసిక్ నడిపినవాడికి పుల్లింగు బాగుందనిపించడం భ్రమ అనుకోకూడదు. అతనికి తెలిసేది టార్క్ ఎంత అన్నది కాదు, ఎప్పుడు అన్నది. సన్నటి సిలిండర్‌కు పెద్ద వాల్వులు పట్టవు. క్లాసిక్‌కు రెండే వాల్వులు, ట్రయంఫ్‌కు నాలుగు. సన్నటి దారిలో గాలి తక్కువ చుట్ల దగ్గర కూడా వేగంగా లోపలికి దూకుతుంది, పెట్రోలుతో బాగా కలుస్తుంది, సిలిండర్ నిండుతుంది. చుట్లు పెరిగే కొద్దీ అదే దారి ఇరుకై ఊపిరాడదు. వాల్వులను తెరిచే క్యామ్‌ను కూడా దానికి తగ్గట్టే చెక్కుతారు. అందుకే పొడుగు స్ట్రోకు ఇంజన్ తన దగ్గరున్నదంతా ముందే చేతిలో పెట్టేస్తుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేరు దించకుండా సాగిపోవడానికి కావలసింది అదే. పొట్టి స్ట్రోకు మిగిల్చి ఉంచుకుంటుంది, అడిగితే పైచుట్లలో ఇస్తుంది.

హార్స్‌పవర్ దగ్గర అసలు తేడా బయటపడుతుంది. శక్తి అంటే టార్కును చుట్లతో గుణించడమే. క్లాసిక్ 6100 చుట్ల దగ్గర 20 హార్స్‌పవర్ ఇచ్చి అక్కడితో సరి అంటుంది. ట్రయంఫ్ 8000 చుట్ల దాకా వెళ్లి దాదాపు 40 ఇస్తుంది. క్లాసిక్ ఎందుకు 8000 వెళ్లదు? ఊపిరి ఒక కారణం, పిస్టన్ వేగం రెండో కారణం. చుట్టుకు రెండుసార్లు స్ట్రోకు దూరం ప్రయాణించే పిస్టన్ సగటు వేగం లెక్క కడితే క్లాసిక్‌కు 6100 దగ్గర సెకనుకు 17.4 మీటర్లు, ట్రయంఫ్‌కు 8000 దగ్గర 17.1 మీటర్లు. హోండాకు దాని గరిష్ఠ శక్తి వచ్చే 5500 దగ్గర 16.6. వేర్వేరు దేశాల ఇంజనీర్లు, వేర్వేరు ఇంజన్లు, అంకె మాత్రం దాదాపు ఒకటే. ఈ తరగతి బండ్లలో లోహం, నూనె, మన్నిక కలిసి గీసిన గీత అక్కడెక్కడో ఉంది. గీత దగ్గరికి అందరూ వస్తారు, స్ట్రోకు పొట్టిగా ఉన్నవాడు ఎక్కువ చుట్లు తిరిగి వస్తాడు.

ఆ 20 హార్స్‌పవర్ చాలుతుందా అంటే రోడ్డును బట్టి. గాలితో పోరాడటానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఈ బండ్ల మీద మనిషి నిటారుగా కూర్చుంటాడు, గాలికి ఛాతీ ఇస్తాడు. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర గాలి సుమారు 5 హార్స్‌పవర్ తింటుందనుకుంటే 120 దగ్గర 17 తింటుంది. టైర్లూ చైనూ తినేది కలిపితే క్లాసిక్ దగ్గరున్నదంతా అయిపోయినట్టే. హైదరాబాద్ నుంచి విజయవాడ దారిలో 80లో హాయిగా ఉన్న బండి 110 దాటాక ఎంత తిప్పినా కదలనట్టు అనిపించడానికి కారణం ఇంజన్ లోపం కాదు. శక్తి రెట్టింపు చేసినా గరిష్ఠ వేగం పావు వంతు మాత్రమే పెరుగుతుంది. ట్రయంఫ్ మీద పెట్టే అదనపు సొమ్ముకు దక్కేది చివరి వేగం కంటే ఎక్కువగా మధ్యలోని తేలిక. 90లో వెళుతూ లారీని దాటాల్సి వచ్చినప్పుడు ఆ తేలిక బాగా తెలుస్తుంది.

వేడి, చట్టం, రెక్కలు

పాత బుల్లెట్‌ను స్టార్ట్ చేయడం ఒక విద్య. అమ్మీటర్ ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్ రాడ్డును మెల్లగా నొక్కి, డీకంప్రెషన్ లీవర్ పట్టి పిస్టన్‌ను కాస్త దాటించి, అప్పుడు తొక్కేవారు. ఇదంతా ఎందుకంటే స్పార్కు పిస్టన్ పైకొనకు చేరకముందే పడుతుంది. కాలు బలంగా పడకపోతే పేలుడు పిస్టన్‌ను వెనక్కి తంతుంది, రాడ్డు చీలమండను తంతుంది. పైగా గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఆ ఇనుప సిలిండర్ ఇంజన్ 2010 ప్రాంతంలో సెలవు తీసుకుంది. అల్యూమినియం ఇంజన్ వచ్చింది. అదీ 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక ఎక్కువ కాలం నిలవలేదు. కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది, సైలెన్సర్‌లో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ చేరింది. కొత్త ఇంజన్‌లో వణుకును ఎదురు బరువుతో అణచే బ్యాలెన్సర్ షాఫ్ట్ కూడా పెట్టారు. ఒంటి పిస్టన్ వణుకు చుట్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది, చుట్లు రెట్టింపైతే వణుకు నాలుగు రెట్లు. పాత బండి మీద 80 దాటితే అరచేతులు తిమ్మిరెక్కడం, అద్దంలో వెనక బండ్లు అలుక్కుపోవడం గుర్తున్నవారికి ఈ ఒక్క షాఫ్టు విలువ తెలుస్తుంది. దీన్ని తప్పుబట్టే పాత భక్తులు ఉన్నారు. వాళ్లు రోజుకు ఎన్ని కిలోమీటర్లు నడుపుతారో అడగాలని నాకెప్పుడూ ఉంటుంది.

రెక్కల సంగతి చూడాలి. సిలిండర్ చుట్టూ ఉన్న సన్నటి లోహపు రెక్కలు గాలికి తగిలే వైశాల్యాన్ని పెంచి వేడిని వదిలించడానికి పుట్టినవి. హోండా సీబీలో అవి పూర్తిగా ఉద్యోగం చేస్తున్నాయి. క్లాసిక్‌లో నూనె కొంత సాయం చేస్తుంది. జావా, ట్రయంఫ్‌లను చల్లబరిచేది రేడియేటర్‌లోని ద్రవం. వాటి మీది రెక్కలు చాలావరకు అలంకారం. రేడియేటర్‌ను నల్లరంగు వేసి ముందు గొట్టాల మధ్య దాచిపెట్టారు. ఇది మోసమేమీ కాదు. ద్రవంతో చల్లబడే ఇంజన్‌లో ఉష్ణోగ్రత అదుపులో ఉంటుంది కాబట్టి మిశ్రమాన్ని ఎక్కువగా నొక్కవచ్చు. ట్రయంఫ్ దాన్ని 12 వంతులకు ఒక వంతుగా నొక్కుతుంది, క్లాసిక్, హోండా తొమ్మిదిన్నరకు ఒకటిగా. ఎక్కువ నొక్కితే అదే పెట్రోలు నుంచి ఎక్కువ పని వస్తుంది. వందకు 7.7కూ 9.4కూ మధ్య ఉన్న తేడాలో కొంత వాటా ఇక్కడిది. మే నెలలో బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో ఇరుక్కుంటే, గాలి కదలని చోట రెక్కలు చేయగలిగింది తక్కువ. ద్రవం బండికి ఫ్యాను తిరుగుతుంది. ఆ వేడి ఎటూ నడిపేవాడి మోకాళ్ల మీదికే వస్తుందనుకోండి.

చక్రాల తేడా చూడాలనుకుంటే క్లాసిక్‌నూ హంటర్‌నూ ఒకేరోజు నడిపి చూడటం మంచిది. ఇంజన్ ఒకటే, గేర్‌బాక్సు ఒకటే, 20 హార్స్‌పవర్ ఒకటే. ప్రయోగశాలలో కూడా ఇంత చక్కటి పోలిక దొరకదు. క్లాసిక్‌కు ముందు 19, వెనక 18 అంగుళాల చక్రాలు, బరువు 195 కిలోలు. హంటర్‌కు రెండూ 17, బరువు 181. తిరుగుతున్న చక్రం తన దిశను మార్చుకోవడానికి ఇష్టపడదు. అంచు బరువు ఇరుసుకు ఎంత దూరంగా ఉంటే ఆ మొండితనం అంత ఎక్కువ. అందుకే క్లాసిక్ గుంతల మీద నిబ్బరంగా ఉంటుంది, సందుల్లో మొరాయిస్తుంది. హంటర్ చిటికెలో తిరుగుతుంది. ఊళ్లోనే నడిపేవారికి నేను హంటరే చెబుతాను. స్పోకు చక్రాల మీద మోజు ఉన్నవారు ఒకటి గుర్తుంచుకోవాలి. స్పోకులు బిగించే రంధ్రాలు రిమ్ము గుండా పోతాయి, గాలి నిలవదు, అందుకని సాధారణంగా ట్యూబు తప్పదు. ట్యూబు టైరులో మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోతుంది. అల్లాయ్ చక్రం మీది ట్యూబ్‌లెస్ టైరైతే పంక్చర్ షాపు దాకా తీసుకెళుతుంది.

ఇక 350 అనే అంకె. క్లాసిక్ 349, హోండా 348. ఇద్దరూ 350 గీత ముందే ఆగారు, ఇప్పుడు పన్నుల గీత కూడా అదే. పన్నులు ఇంజన్ల ఆకారాన్ని మార్చడం కొత్త సంగతి కాదు. 1921 నుంచి 1940ల చివరిదాకా బ్రిటన్‌లో కార్ల పన్నును ఒక సూత్రం ప్రకారం లెక్క కట్టేవారు. ఆ సూత్రంలో బోరు ఉండేది, స్ట్రోకు ఉండేది కాదు. ఇంజనీర్లు ఏం చేస్తారు? బోరు తగ్గించి స్ట్రోకు సాగదీశారు. ఆ తరం బ్రిటిష్ కార్ల ఇంజన్లు అంత సన్నగా పొడుగ్గా ఉండటానికి అదొక ముఖ్య కారణం. మన దగ్గర 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సి.సి. దాకా ఉన్న బండ్లకు జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, అది దాటినవాటికి 40కి పెరిగింది. గీతకు ఇవతల ఒక సి.సి.కీ అవతల ఒక సి.సి.కీ మధ్య 22 శాతం గోడ నిలబడింది.

398 సి.సి. ఇంజన్ ఉన్న కంపెనీ ఈ గోడ ఇవతలికి రావాలంటే రెండు దారులున్నాయి. 89 బోరు ఉంచి స్ట్రోకును 64 నుంచి 56కు కోస్తే 348 సి.సి. వస్తుంది. బోరు స్ట్రోకు నిష్పత్తి 1.39 నుంచి 1.59కి ఎగబాకుతుంది, ఇంజన్ ఇంకా పైచుట్లను కోరుకుంటుంది. లేదా స్ట్రోకు ఉంచి బోరును 83కు తగ్గిస్తే 346 సి.సి. వస్తుంది, నిష్పత్తి 1.30కి దిగుతుంది. మొదటి దారిలో కాగితం మీద హార్స్‌పవర్ బాగా కనిపిస్తుంది. రెండో దారిలో మూడో గేరులో స్పీడ్ బ్రేకర్ దాటాక క్లచ్ పట్టకుండా లేచే అవకాశం ఎక్కువ. మన రోడ్ల మీద ఉన్న స్పీడ్ బ్రేకర్ల లెక్కన చూస్తే నేనైతే రెండోదానికే ఓటేస్తాను.